పడిందిలే, నీ మొహం!

రాసుకో, సెక్రటరీ బాబూ. డ్రైవింగు రాని ముసలిది రోజూ కారెందుకు స్టార్టు చేస్తుందనేగా మన అపార్టుమెంటువాళ్ల ఫిర్యాదు?

ఇంజను ఆవిరితోపాటు కక్కే నూనెను పట్టడానికి, మా ఆయన నా టిఫిను డబ్బాకి చిల్లులు పొడిచి, లోపల అంట్లు తోమే స్టీలు పీచు కుక్కి, గొట్టాలు తగిలించి కారు ఇంజను పక్కన బిగించాడు.

"బంగారంలాంటి డబ్బా నాశనం చేశావు కదయ్యా!" అని దులిపేశాను.

"తిట్టింది చాలు గానీ, నూనె పడిందేమో చూడవే" అనేవాడు రోజూ.

"పడిందిలే, నీ మొహం!" అనేదాన్ని.

ఆయన పోయాడు. ఇంజను తిరగకపోతే డబ్బాలో చుక్క పడదు. అందుకే తిప్పుతున్నాను. మూత తీసి చూసి, "పడిందిలే, నీ మొహం!" అంటాను.

రోజు మొత్తంలో నేను నోరు తెరిచి ఆడే మాట అదొక్కటే. ఇంజను చప్పుడు విన్నవాళ్లలో ఆ మాట విన్నవాళ్లెవరైనా ఉన్నారేమో, అదీ అడిగి రాయి.