ఓదార్పుకు రెండు మార్కులు

"ఇందాకటి నుంచి కూర్చో, కూర్చో అంటావేం బాబూ! కూర్చుంటే నా పిల్ల సంగతి తేలుతుందా?"

ఆమె అరుపుకు మౌనస్వామి చేతిలోని మంచినీళ్ళ గ్లాసు తొణికింది. నోట్లోంచి మాట పెగలదని తోటి విద్యార్థులు అతనికి పెట్టిన పేరది. రోగులతో మాట్లాడే పద్ధతి నేర్పడానికి ఆ వైద్య కళాశాల వాళ్ళు ఆసుపత్రి వరండా చివరి గదిలో కొత్తగా నాటకం క్లాసు పెట్టారు. నాటకాల వాళ్ళు రోగులుగానో, రోగుల తల్లులుగానో వచ్చి కూర్చుంటారు. కాబోయే డాక్టరు వాళ్ళకు చెడ్డ కబురు మెత్తగా చెప్పాలి. మౌనస్వామి ఇప్పటికి రెండుసార్లు తప్పాడు. ఇవాళ కూడా తప్పితే ఆరు నెలల దాకా వార్డు గుమ్మం తొక్కనివ్వరు.

గోడవారగా కూర్చున్న నాటకాల మాస్టారు కాగితం మీద మార్కులు వేస్తున్నారు. కూర్చోమన్నందుకు ఒకటి. నీళ్ళు అందించినందుకు ఒకటి.

"ముందు కాసిని నీళ్ళు తాగండమ్మా..."

"నాక్కావలసింది నీళ్ళు కాదయ్యా, జవాబు! ఆ కిటికీ దగ్గరికెళ్తే ఈ కిటికీ అంటారు. ఈ కిటికీ దగ్గరికొస్తే చివరి గది అంటారు. ఇది ఆసుపత్రా, దాగుడుమూతల ఆటా?"

వెనక బల్లల మీద కిసుక్కుమన్నారు.

"కొత్తావిడ ఇరగదీస్తోందిరా!"

"రేపు ఎముకల పరీక్ష పెట్టుకుని మనకీ వేషాలేంట్రా బాబూ," అని ఇంకొకడు విసుక్కున్నాడు.

మౌనస్వామి బట్టీ పట్టిన వాక్యం అందుకున్నాడు. "అమ్మా, మీరు గుండె దిటవు చేసుకోవాలి. పాప గుండెలో రంధ్రం ఉంది."

ఆమె ఒక్క కేక పెట్టింది.

"గుండెలోనా? మంచం మీంచి దూకి కాలు విరగ్గొట్టుకుంటే కదా తీసుకొచ్చాను!"

గది ఘొల్లుమంది. మాస్టారు తల పట్టుకున్నారు.

"అమ్మా, కాలు కాదు, గుండె!" అన్నారాయన. "నిన్ననే మీ వేషం కాగితం పంపించాను కదా. చదువుకోలేదా?"

"నాకు చదువెక్కడ ఏడ్చింది సారూ? ఐదో తరగతిలోనే మాన్పించారు. అందుకే కదా నోటితో అడుగుతున్నాను!"

"అయ్యో రాత! చదువురాని వాళ్ళనా పంపేది?" అని మాస్టారు గొణుక్కున్నారు. "సరే, కానివ్వండి. ఏమోయ్, నువ్వు వదలకు. ఆవిడ ఏడవాలి, నువ్వు ఓదార్చాలి. ఓదార్పుకు రెండు మార్కులు, గుర్తుందిగా?"

ఆమె ఏడ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు, కుర్చీలో కూలబడలేదు. కారే ముక్కును మోచేత్తో తుడుచుకుంటూ, తిడుతూ ఏడ్చింది.

"మీ చదువులు తగలెయ్య! ఫొటో తీస్తామని పిల్లని లోపలికి తీసుకెళ్ళి గంటన్నరైంది. నేను కనపడకపోతే గుక్కపట్టేస్తుంది అది. ఎక్కడుందో చెప్పడానికి ఇంతమందిలో ఒక్కడికీ నోరు రాదా?"

మాస్టారు ఇక ఓపిక పట్టలేకపోయారు.

"ఆపండమ్మా, ఆపండి! మరీ ఎక్కువ చేస్తున్నారు. కన్నతల్లి ఎక్కడైనా ఇలా తిడుతుందా? దుఃఖం లోపల్నుంచి రావాలి." ఆయన విద్యార్థుల వైపు తిరిగారు. "అందుకే మనిషిని చూడండర్రా, చూడ్డం నేర్చుకోండర్రా అని నెత్తీనోరూ కొట్టుకునేది!"

మౌనస్వామి చూస్తున్నాడు. ఆమె కుడికాలికి ఎర్ర చెప్పు ఉంది, ఎడమకాలికి నీలం చెప్పు. గుప్పిట్లో చెమటకు నానిన ఆసుపత్రి చీటీ.

"ఆ చీటీ ఇటివ్వండక్కా," అన్నాడు. అది అతను బట్టీ పట్టిన కాగితంలో లేని మాట.

మడత విప్పి చదివాడు. గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు.

"పదండి. నేనూ వస్తాను."

"ఎక్కడికోయ్? ఇంకా ఓదార్పు కాలేదు!" మాస్టారు కేకేశారు. "పరీక్ష మధ్యలో గుమ్మం దాటావంటే సున్నా!"

మౌనస్వామి గుమ్మం దాటాడు. ఆమె అప్పటికే వరండాలో పరుగు లాంటి నడకతో అతనికంటే ముందు పోతూ, "కుడికా, ఎడమకా? త్వరగా చెప్పు బాబూ!" అని అరుస్తోంది.

మాస్టారు సున్నా చుట్టి, దాని కింద రెండు గీతలు గీశారు. "మూడోసారీ తప్పాడు. వీడికి మనుషులు ఈ జన్మకు అర్థం కారు."

అంతలో తలుపు తోసుకుని, ఇస్త్రీ నలగని చీరలో ఒకామె రొప్పుతూ లోపలికి వచ్చింది. చేతిలో మాస్టారు పంపిన కాగితం.

"ఏమనుకోకండి మాస్టారూ, బస్సు దొరకలేదు. గుండె జబ్బు పిల్ల తల్లి వేషం నాదే. ఏడుపు ఎక్కణ్ణించి మొదలుపెట్టమంటారు?"