రాళ్ల దొంగ

జంగమ్మ టీ తాగి వచ్చేసరికి వడ్ల చుట్టూ పెట్టిన రాళ్లు లేవు.

మిర్యాలగూడ రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. వాహనాలు ఎక్కకుండా అంచున పేర్చిన రాళ్లన్నీ ఎవరో తీసి తుమ్మచెట్టు మొదట్లో కుప్ప వేశారు. వాటి జాగాలో వేపమండలు పరిచారు.

ఆ పని చేసిన మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. తొక్కేది పాత సైకిలు. నెత్తిన మాత్రం మోటారు సైకిలు వాళ్లు పెట్టుకునే నీలం రంగు హెల్మెట్.

"ఓ పెద్దమనిషీ! నా రాళ్లతోని నీకేం పని?"

"పొద్దుగూకినంక రాయి కనబడదమ్మా. మండలైతే తగిలినా ఏం కాదు."

"మండలను చూసి లారీలు ఆగుతయా? వడ్లు నలిగినయని కొనుగోలు సెంటరోళ్లు వద్దంటే నువ్వు కొంటవా?"

పక్క కుప్ప దగ్గర కాళ్లతో వడ్లు నెరుపుతున్న అనసూయ పకపకా నవ్వింది.

"ముందుగాల గా హెల్మెట్ సంగతి చెప్పయ్యా. సైకిల్‌కు హెల్మెట్ ఏంది? పోలీసోళ్లు గూడ అడుగరు. రేపు నడిచేటోళ్లను గూడ పెట్టుకోమంటవా?"

"రోడ్డు మీద రాళ్లు లేకుంటే నేను గూడ తీసేస్తనమ్మా."

అంతే అని సైకిలెక్కి నిడమనూరు వైపు వెళ్లిపోయాడు.

"వీడేనే అనసూయా!" అంది జంగమ్మ. "పోయినేడు నా ఇసుర్రాయి సగం ఎత్తుకపోయినోడు వీడే."

అత్త కాలంనాటి ఇసుర్రాయి అది. ఎప్పుడో రెండు ముక్కలైంది. రెండు సగాలూ వడ్లకు కాపలా పనికొచ్చేవి. పోయినేడు మబ్బు కమ్మిందని ఆదరాబాదరాగా వడ్లు ఎత్తి ఇంటికి చేర్చింది. తెల్లారి రాళ్ల కోసం వస్తే ఒక సగం లేదు. ఎత్తుకపోయినవాణ్ని ఊరంతా వినేలా తిట్టింది.

మిగిలిన సగాన్ని ఇప్పుడు మళ్లీ తెచ్చి వడ్ల మూలన పెట్టింది. తక్కిన రాళ్లు కూడా పేర్చింది.

మర్నాడు సాయంత్రం ఆ మనిషి మళ్లీ తీశాడు. జంగమ్మ మళ్లీ పెట్టింది. అట్లా రోజూ జరిగింది. రాళ్ల దొంగ అని పేరు పడింది అతనికి.

ఒకరోజు జంగమ్మ కూతురు శ్రుతి బడి నుంచి వచ్చేసరికి ఆ నీలం హెల్మెట్ ఆమె సైకిలు హ్యాండిలుకు వేలాడుతోంది. శ్రుతిది పదో తరగతి. స్పెషల్ క్లాసులు అయిపోయి ఇల్లు చేరేసరికి మసక పడుతుంది.

"యాడిదే ఇది?"

"రాళ్లు తీసే పెదనాయిన ఇచ్చిండు. చీకట్ల వస్తున్నవ్, పెట్టుకో బిడ్డా అన్నడు."

"ఆడపిల్లవు, గంత బుర్రకాయ పెట్టుకొని సైకిల్ తొక్కితే నలుగురు నవ్వరా?"

"నవ్విండ్రు. నవ్వి ఊకున్నరు."

"రేపు పోయి ఆయనకే ఇచ్చి రా."

శ్రుతి తలూపింది. ఇవ్వలేదు. ఊరి మలుపు దాటాక పెట్టుకుని, వచ్చేటప్పుడు ఇంటి ముందర తీసేది.

ఆ తర్వాత అతను రావడం మానేశాడు.

"పీడ పోయింది" అంది అనసూయ.

రాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఒక సాయంత్రం మబ్బు పట్టింది. జంగమ్మ వడ్ల మీద పరదా కప్పుతోంది. దూరంగా శ్రుతి సైకిలు కనిపించింది. ఎదురుగా వస్తున్న లారీ లైట్లు ఆమె కళ్లలో పడ్డాయి. శ్రుతి పక్కకు తిప్పింది.

ముందు చక్రం ఇసుర్రాయికి తగిలింది. పిల్ల ఎగిరి తలకిందులుగా రోడ్డు మీద పడింది.

జంగమ్మ పరదా వదిలేసి ఉరికింది.

శ్రుతి లేచి కూర్చుంది. మోచెయ్యి చెక్కుకుపోయింది. హెల్మెట్ నడిమికి నెర్రె బాసింది.

"అమ్మా, ఏడ్వకు. తలకాయకేం కాలే."

జంగమ్మ నమ్మలేదు. రెండు చేతులతో బిడ్డ జుట్టంతా తడిమి చూసింది. మళ్లీ చూసింది.

"ఆయన ఇల్లు నీకెర్కేనా బిడ్డా?"

"నిడమనూరుల, సైకిల్ షాపు ఎనక."

పొద్దున్నే కొత్త బియ్యం మూట, పగిలిన హెల్మెట్ పట్టుకుని జంగమ్మ వెళ్లింది. అరుగు మీద ఒకామె కూర్చుని ఉంది. అతని భార్య కాటమ్మ. హెల్మెట్‌ను చూడగానే లేచి నిలబడింది.

"బడి పిల్లకు ఇచ్చిన అన్నడు. నీ బిడ్డేనా? పగిలిందేందమ్మా, పిల్ల మంచిగున్నదా?"

"మంచిగున్నదక్కా. నీ పెనిమిటికి దండం పెట్టి పోదామని వచ్చిన."

"లచ్చయ్య పోయిన వారమే కాలం చేసిండమ్మా."

జంగమ్మ చేతిలోని మూట అరుగు మీద పెట్టేసింది.

"ఏమైందక్కా?"

"పోయినేడు వడ్ల కాలంల సైకిల్ మీదికెళ్లి పడ్డడు. ఎవలో వడ్లు ఎత్తుకొని, రాయి రోడ్డు మీదనే ఇడిసిపెట్టి పోయిండ్రు. తలకాయకు తగిలింది. అప్పటి సంది ఫిట్సు. హైదరాబాద్ దవాఖానల గూడ చూపిచ్చినం."

"ఎవలు పెట్టిన రాయో తెల్వలేదా?"

"ఈ యేడు తెల్సిందట. దాని జోడు సగం ఒకళ్ల వడ్ల కాడ కనబడ్డదట. ఎంత అడిగినా పేరు చెప్పలే. చెప్తే నేను కొట్లాటకు పోతనని."

కాటమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంకొకలు పడతరని, నెత్తురు కారుకుంటనే ఆ రాయిని సైకిల్ మీద ఇంటికి తెచ్చిండు. గదిగో."

గుమ్మం పక్కన గోడకు ఆనించి ఉంది, దొంగ ఎత్తుకపోయాడని పోయినేడు జంగమ్మ ఊరంతా వినేలా తిట్టిపోసిన సగం ఇసుర్రాయి.