తొమ్మిది సాయంత్రాలు

ఇల్లు కొన్నప్పుడు మేడ మీది గదిలో అద్దెకుంటున్న పెద్దాయన కూడా ఇంటితోపాటే వచ్చాడు.

రోజూ పొద్దుగుంకాక పిట్టగోడ పక్కన నిలబడి ఆకాశం చూసేవాడు. ఏదో కొలిచి రాసుకునేవాడు.

"మబ్బుల తాత ఈరోజేం కనిపెట్టాడో!" అని నాన్న నవ్వేవాడు.

అమ్మకు నవ్వు రాలేదు. కూతురికి పరీక్షలు దగ్గర పడ్డాయి. కింద చూస్తే టీవీ, కుక్కర్ కూతలు, వచ్చేపోయే చుట్టాలు. పిల్లకి ఆ గది కావాలి.

ఆదివారం అమ్మా నాన్నా పైకెళ్ళారు. కూతురు మెట్ల మీదే ఆగిపోయింది.

"పెద్దాయనా, నెల కిందటే చెప్పాం. రేపు రంగులేసేవాళ్ళు వస్తున్నారు."

"ఖాళీ చేస్తాను బాబూ. ఇంకో తొమ్మిది రోజులు మాత్రం, సాయంత్రం ఓ గంట మేడ మీదికి రానివ్వండి."

"ఎందుకండీ?"

"మామూలు మబ్బులకంటే ఏడెనిమిది రెట్లు ఎత్తున పల్చటి మేఘాలుంటాయి. వేసవిలోనే, పొద్దుగుంకాకే కనిపిస్తాయి. పదకొండేళ్ళుగా ఇక్కణ్ణుంచే కొలుస్తున్నాను. ఆ తొమ్మిది రోజులైతే పూర్తవుతుంది."

"మేఘాలే కదా, ఎక్కడ నిలబడినా కనిపిస్తాయి" అంది అమ్మ.

"కనిపిస్తాయమ్మా. చోటు మారితే కొలత మారిపోతుంది."

"ఆడపిల్ల చదువుకునే చోటికి బయటివాళ్ళు వస్తూ పోతూ ఉంటే బాగుంటుందా? మీరే చెప్పండి."

ఆయన మెట్లవైపు చూశాడు.

'గంటే కదమ్మా' అందామనుకుంది అమ్మాయి. కానీ గది తనదవుతుందన్న ఆశ కూడా ఉంది మరి.

"ఏం చదువుతున్నావమ్మా?"

"సైన్సండీ."

"మంచిది" అని ఆయన సామాను సర్దుకున్నాడు.

రంగులు పడ్డాయి. బల్ల వచ్చింది. ఆ గదిలోనే చదివి అమ్మాయి మంచి కాలేజీలో సీటు తెచ్చుకుంది.

మూడో ఏడు క్లాసులో మేడమ్ తెర మీద ఒక గ్రాఫు చూపించింది.

"ఎత్తయిన మేఘాల గురించి ఒక్క మనిషి, ఒకే మేడ మీంచి తీసిన కొలతలివి. సూర్యుడిలో మార్పులు ఒక చుట్టు తిరగడానికి పదకొండేళ్ళు పడుతుంది. అందుకే పదకొండు వేసవులు. ఈ డిపార్టుమెంటు పెట్టిన మా గురువుగారివి."

"చివర్లో గీత తెగిపోయిందేం మేడమ్?" ఎవరో అడిగారు.

"ఇంటివాళ్ళు గది ఖాళీ చేయించడంతో తొమ్మిది రోజులు తక్కువయ్యాయి. ఆ వేసవి మేఘాలు ఎప్పుడు ఆగాయో తెలిసేది ఆ రోజుల్లోనే. అది లేక మొత్తం అసంపూర్తిగానే మిగిలింది."

అమ్మాయి చేతిలో పెన్ను ఆగిపోయింది.

"మళ్ళీ మొదలుపెట్టలేదా?" ఇంకెవరో అడిగారు.

"డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో ఇంకో పదకొండేళ్ళా? పోయినేడు ఆయనే పోయారు."

"ఇంటివాళ్ళని ఇంకాస్త గట్టిగా అడగాల్సింది మేడమ్" అన్నారు వెనక బెంచీలోంచి.

"నేనూ అదే అన్నాను" అంది మేడమ్. "'ఆ గదిలో ఒక అమ్మాయి సైన్సు చదువుకుంటుందిటమ్మా, నా లెక్క ఎవరైనా పూర్తి చేస్తారులే' అన్నారు."