వెనక బరువు

వాన వెలిసిన కొండదారి మొదట్లో ఒక లావుపాటావిడ చెయ్యెత్తింది.

చిన్న సరుకుల ట్రక్కు నడుపుతున్న అతనికి బండి ఆపడం ఇష్టం లేదు. పక్కన కూర్చున్న భార్య, దర్జీ ఆవిడే, ఆపించింది.

"పైన బడిదాకా ఎక్కించుకుంటావా నాయనా?"

"ముందు చోటు లేదండీ."

"నాక్కావలసింది వెనకే. తొట్టిలో ఆ చివర కూర్చుంటాను."

జవాబు కోసం చూడకుండా చక్రం మీద కాలేసి ఎక్కేసింది. బండి ఒక్కసారిగా కిందికి కుంగింది.

"అయిపోయాయి స్ప్రింగులు," గొణిగాడు భర్త.

"ష్! వినబడుతుంది."

"వినబడింది తల్లీ!" వెనక కిటికీలోంచి నవ్వు. "మా ఇంట్లో ఉయ్యాల కూడా రోజూ ఇదే మాటంటుంది."

దర్జీ ఆవిడ కూడా నవ్వింది. కానీ ఆమె ప్రాణమంతా తొట్టిలో పట్టా కింద ఉన్న మూటల మీదే ఉంది. ఆ బడి పిల్లల నాటకానికి నడుము విరిగేలా కుట్టిన దుస్తులవి. రాజుగారి అంగరఖా, చిలకల రెక్కలు, చెట్టు వేషానికి ఆకుల చొక్కా. ఊదితే ఎగిరిపోయేంత తేలిక. తెర లేచేలోపు అవి చేరకపోతే రాజూ చిలకలూ బనియన్లతో నిలబడాలి.

దారంతా ఎర్రటి బురద. బండి మూలుగుతూనే ఒక్కో మలుపూ ఎక్కింది.

"విన్నావా ఇంజను ఏడుపు? అంతా ఆ మహాతల్లి చలవే!"

ఆఖరి ఎత్తుకు ముందు, కల్వర్టు దగ్గర భర్త బండి ఆపేశాడు.

"ఏమనుకోకండమ్మా. ఇక్కణ్ణించి నిట్టనిలువుగా ఉంటుంది. మీరు దిగి నిదానంగా నడిచి రండి."

ఆవిడ కదల్లేదు. "నన్ను చివరిదాకా ఉంచుకుంటే మీకే మంచిది నాయనా."

"మా మంచి మేం చూసుకుంటాం లెండి."

"సరే, నీ బండి నీ ఇష్టం. నేనీ గట్టు మీద కూర్చునే ఉంటాను." ఆయాసపడుతూ దిగింది.

"పాపమండీ, పెద్దావిణ్ణి బురదలో దింపేశారు!"

"ఇప్పుడు చూడు, బండి పిట్టలా ఎగురుతుంది."

పిట్ట మలుపు తిరిగింది. ఎత్తు సగం ఎక్కి ఆగింది. వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి బురద చిమ్మాయి. బండి మెల్లగా వెనక్కి జారితే బ్రేకు తొక్కి ఆపాడు.

"ఇంజను ముందుంది కదా, వెనక చక్రాలు తిరుగుతాయేంటండీ?"

ఎంత చిరాకులోనైనా బండి గురించి చెప్పమంటే అతనికి హుషారే.

"ఇంజను బలం గేర్‌బాక్సులోకి వెళ్తుంది. అక్కణ్ణించి బండి కింద పొడుగాటి ఇనుప కడ్డీ ఒకటుంటుంది, అది తిరిగి వెనక చక్రాల్ని తిప్పుతుంది. నెట్టేవి అవే. అయితే వాటి మీద బరువుంటేనే నేల పట్టు దొరుకుతుంది. బరువు లేకపోతే ఊరికే..."

అక్కడ నాలుక కరుచుకున్నాడు.

"అంటే ఇందాకటిదాకా మనల్ని ఎక్కించింది..."

అతను కిటికీలోంచి బయటికి చూశాడు.

"వెళ్ళి పిలవండి."

"ఏ ముఖం పెట్టుకుని పిలవమంటావు?"

"ఉన్న ముఖమే పెట్టుకుని."

"పరువు పోతుందే! నాలుగు రాళ్ళేస్తే సరిపోతుంది."

సరిపోలేదు. రోడ్డు పక్క రాళ్ళన్నీ ఇద్దరూ మోసి మోసి తొట్టి చివర వేశారు. చేతులు ఎర్రబడ్డాయి.

"చాలా?" రొప్పాడు అతను.

"ఇంకా ఆవిడ కాళ్ళవరకే వచ్చాం. మిగతా మనిషికి కూడా వెయ్యండి."

చివరికి స్ప్రింగులు కుంగాయి. చక్రాలు నేలను కరుచుకున్నాయి. బండి కదిలి, తడబడి, ఎక్కేసింది.

బడి గుమ్మంలో పిల్లలు కేరింతలు కొడుతూ మూటలు లాక్కుపోయారు. తెర ఇంకా లేవలేదు. దర్జీ ఆవిడ ఊపిరి పీల్చుకుంది.

నవ్వుతూ ఎదురొచ్చిన పెద్ద టీచరు తొట్టిలోకి తొంగిచూసి ఆగిపోయింది.

"ఈ రాళ్ళేంటి? మా పాటల టీచరేరి? 'గుడ్డల మూటలతో వచ్చే బండి ఆ ఎత్తు ఎక్కలేదు, నేనెళ్ళి వెనక కూర్చుంటాను' అని మీకోసమే కొండ దిగి వెళ్ళారే, కనబడలేదా?"