తెల్లబట్ట

ఒఫోరి లాంటివాణ్ని పగవాడికి కూడా బావగా ఇవ్వకూడదు. అడోమాకోకి మేనమామ కొడుకు వాడు. మేనమామ పోయి నలభై రోజులన్నా కాకముందే కోకో తోట తనదన్నాడు. మేనమామ ఆస్తి మేనల్లుడిది. ఆశాంటి నేల మీద పుట్టిన పసివాడికి కూడా తెలిసిన సంగతి. ఒఫోరి మాత్రం, నాన్న బతికుండగానే నాకిచ్చాడు, సాక్షుల ముందు ఆనవాయితీ ప్రకారం సారా సీసా పెట్టి పుచ్చుకున్నాను అంటూ కుమాసి కోర్టుకెక్కాడు. ఆ సాక్షులు అదే సారాకి అమ్ముడుపోయినవాళ్లు.

ఆరేళ్లు నడిచింది వ్యాజ్యం. తీర్పుకి అడోమాకో ఒక్కడే వెళ్లాడు. ఊళ్లో ఇంకా ఫోన్లు లేవు. కబురు రావాలంటే మనిషే రావాలి.

సాయంత్రం వ్యాను దిగాక నేరుగా ఊళ్లోకి రాలేదు. మూసేసిన కొట్టు వెనక్కి పోయి, చొక్కా ప్యాంటూ విప్పి, సంచిలోని తెల్లబట్ట తీశాడు. ముందు తీర్పు రానివ్వమ్మా అంటున్నా వినకుండా అమ్మ సెర్వా మడతపెట్టి ఇచ్చిన బట్ట. ఒంటికి చుట్టి, చెంగు ఎడమ భుజం మీద వేసుకున్నాడు. అది జారిపోతూనే ఉంది.

ఆ ఊళ్లో మనిషి నోరు విప్పక్కర్లేదు, బట్టే చెబుతుంది. నలుపూ ఎరుపూ అయితే చావు. తెలుపైతే బిడ్డ పుట్టి ఉండాలి, లేదంటే వ్యాజ్యం గెలిచి ఉండాలి.

ముందు చూసింది పక్కింటి పోకువా. రాత్రి తిండికి ఫుఫు ముద్ద దంచుతున్న రోకలి అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. గెలుపు గుర్తుగా గుప్పెడు తెల్ల పౌడరు అతని మెడ మీదా భుజాల మీదా చల్లింది. వీధంతా పోగయింది. ఎవరో డప్పు తెచ్చారు. అడోమాకో తల ఎత్తలేదు.

"ఏంటన్నా, గెలిచినోడివి, కొత్త పెళ్లికూతురికి మల్లే ఆ సిగ్గేంటి?" అంది పోకువా.

ఎంతైనా సొంత బావ కదా, వాడి నోటికాడి కూడు లాగాల్సి వచ్చిందని బాధపడుతున్నాడు అన్నారు ముసలాళ్లు. మంచితనమంటే అదీ అన్నారు. అతనికి చెవులు కాలిపోయాయి.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అడోమాకో చెప్పులు విడిచి, పెద్దల ముందు చెయ్యాల్సినట్టే భుజం మీది చెంగు నడుము దాకా దించాడు.

"ఒఫోరి గాడి మొహం ఎట్టా ఉందిరా?"

"నవ్వాడమ్మా."

"ఏడవలేక నవ్వుంటాడు, ఎదవ."

వీధంతా పగలబడి నవ్వింది.

"జడ్జి ఏమన్నాడు?"

"ఇంక కేసు అయిపోయింది, ఇళ్లకి పొమ్మన్నాడు."

సెర్వా కళ్లొత్తుకుంది. అన్నతో కలిసి అడవి కొట్టి, ఆ తోటలో మొదటి మొక్క నాటింది ఆవిడే. ఆరేళ్లుగా ఒఫోరి ఆమెని తోట గట్టు కూడా ఎక్కనివ్వలేదు. రేపు పొద్దున్నే వెళ్లి తన చేత్తో ఒక్క కాయైనా కోస్తానంది. మోకాళ్లు పట్టేశాయి కదమ్మా, ఎట్టా నడుస్తావని అడిగాడు అడోమాకో.

"నేనెందుకు నడుస్తాను? మొయ్యడానికి నువ్వు లేవూ?"

ఆ మోకాళ్లతోనే, కొడుకు చెయ్యి పట్టుకుని, డప్పుకి అడుగు కలిపింది. అతనూ అడుగు వేశాడు. మెడ మీది పౌడరు చెమటకి కరిగి గుండెల మీదుగా చారలు కట్టింది. కళ్లు కూడా నిండేసరికి అమ్మ దగ్గరికి లాక్కుని మొహం తుడిచింది.

"వాడి కోసం నువ్వేడవకు నాయనా. వాడైతే నీ కోసం ఏడ్చేవాడా?"

ఆ పొద్దున కోర్టులో ఒఫోరి గెలుచుకున్నది మొత్తం తోట, పదకొండున్నర ఎకరాలు.