ఔ రాజయ్య

ముందే చెబుతున్నాను. ఈ కథలో ఒక్క అక్షరం కూడా కల్పన లేదు. కల్పించడం నాకు చేతకాదు. కావాలంటే నాచారంలో ఎవరినైనా అడగండి.

కార్ఖానాలో ఇనుము తీర్చే లేతు మిషను మీద పనిచేసి రిటైరైన రాజయ్యను అందరూ ‘ఔ రాజయ్య’ అనేవాళ్లు. ఎవరేమడిగినా ‘ఔ’ అనడమే తప్ప ఎదురు చెప్పి ఎరగడు. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగారు. ఔ అన్నాడు. పక్కింటి పిల్లను చూపించి అడిగినా అదే అనేవాడని తమ్ముడు కామరాజు వెక్కిరింత.

ఆ పిల్ల వెంకటనర్సమ్మ. పెళ్లయిన కొన్నేళ్లకు ఆమె యేసును నమ్ముకుంది. అప్పటి నుంచి ఆదివారం వస్తే చాలు, కుచ్చిళ్లు సర్దుకుంటూ అడిగేది.

"ఏమయ్యా, ఇయ్యాలన్న చర్చికొస్తవా?"

"ఔ. నువ్వు నడువు, నేనొస్త."

ఆమె ఉప్పల్‌లో టైర్ల షాపు పైనున్న ప్రార్థన హాలుకు వెళ్లి, పక్క కుర్చీ మీద బైబిలు సంచి పెట్టి ఎదురుచూసేది. ఆరాధన అయిపోయేది. సంచి చంకనేసుకుని ఇంటికొచ్చేది.

ఇప్పుడు రాజయ్యకు పక్షవాతం. కుడిపక్క పడిపోయింది, మూతి పక్కకు తిరిగింది. దవాఖానా వాళ్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటకు అర్థం ఆమెకు తెలుసు. చావంటే ఆమెకు భయం లేదు. భయమంతా ఆ తర్వాతి సంగతే. అక్కడ తను లోపల, ఆయన బయట. బయట నిలబడి కూడా ఎవరికో ఔ అంటూ ఉంటాడు.

పాస్టరుగారిని పిలిపించింది. వెంట చర్చి ఆడవాళ్లు నలుగురొచ్చారు. కామరాజు గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"రాజయ్యన్న నీతిమంతుడుగా తీర్చబడాలె," అన్నాడు పాస్టరు.

"మా అన్నకు కొత్తగ నీతేంది సార్?" అన్నాడు కామరాజు. "కార్ఖానాల ఎవడు జూసిన టిఫిన్ డబ్బల ఇత్తడి ముక్కలు ఏసుకొచ్చెటోడు. ఈయన డబ్బ ఖాళీగనే వచ్చేది. తీర్చుడంటే ఏంది, లేతు మీద ఎక్కిస్తరా?"

"మన మంచితనంతోని తీరేది కాదు తమ్మీ. దేవుడే ఊకెనే తీరుస్తడు. మనం నమ్మాలె, గంతే."

"గంతేనా? మరి ఇన్నేండ్ల మంచితనం యాడికి పాయె?"

వెంకటనర్సమ్మకు కోపం రావాలి. రాలేదు. మోకాళ్ల మీద ఆమె ఎన్నోసార్లు దేవుణ్ని అడిగిన ప్రశ్నే అది.

పాస్టరు మంచం మీదికి వంగాడు. "రాజయ్యన్నా, యేసు నీ పాపాల కోసం చచ్చిపోయి లేచిండని నమ్ముతున్నవా?"

"ఔ."

సరిగ్గా అప్పుడే ఉప్పల్ స్టేడియంలో ఎవడో సిక్సరు కొట్టాడు. జనం అరుపు నాచారం దాకా వచ్చి కిటికీ రెక్కను ఊపి వెళ్లింది. నమ్మకపోతే మీ ఇష్టం. పాస్టరు స్తోత్రం అన్నాడు. ఆడవాళ్లు పాటెత్తుకున్నారు.

పాట అయ్యేదాకా కామరాజు ఓపిక పట్టాడు.

"వదినె, ఆయన దేనికి ఔ అనలేదో ఒక్కటి చెప్పు. జర సూడు." అన్న చెవి దగ్గరికి జరిగాడు. "అన్నా, నువ్వు జర మంచిగైనంక గుట్టకు పోయి నర్సింహస్వామిని మొక్కుదమా?"

"ఔ."

దేవుడు మాటను కాదు, గుండెను చూస్తాడని పాస్టరు ఏదో సర్దిచెప్పి, చెప్పులేసుకున్నాడు. కామరాజు కూడా తల దించుకుని, "ఊకె అన్న వదినె, మనసుల పెట్టుకోకు," అని జారుకున్నాడు.

వెంకటనర్సమ్మ జావ గిన్నె పట్టుకుని మంచం పక్కన కూలబడింది. ఈ ఇంట్లో ఆమెకు ఔ అన్న మాటకు కొదవ లేదు. బతుకంతా దానితోనే గడిచింది. ఆమెకు కావలసింది ఒక్క ‘కాదు’. కాదనడం తెలిసిన మనిషి ఔ అంటేనే అది నమ్మకం. లేకపోతే వట్టి చప్పుడు.

చెంచా గిన్నెలో పెట్టి, ఆలోచించి ఆలోచించి అడిగింది.

"ఏమయ్యా, నిజం చెప్పు. నా మనసు నొవ్వొద్దని ఔ అన్నవా?"

రాజయ్య ఆమె వైపు చూశాడు. వంకర పెదవి కదిలింది.

"కాదు," అన్నాడు.

ఆమె ఆయన గుండె మీద తల పెట్టి ఏడ్చింది. జావ ఒలికి దుప్పటంతా తడిసింది.

ఆ వారంలోనే రాజయ్య పోయాడు. క్రైస్తవుల సమాధుల తోటలో పాస్టరే మట్టి వేయించాడు. రాయి మీద ‘నీతిమంతుడు’ అని కామరాజే దగ్గరుండి చెక్కించాడు. ఏ నీతి అని ఎవరూ ఎవరినీ అడగలేదు.

భర్త నమ్ముకున్నాడని చర్చిలో అందరి ముందు సాక్ష్యం చెప్పమని వెంకటనర్సమ్మను ఇప్పటికీ అడుగుతుంటారు. ఆమె లేవదు. ఆదివారం వస్తే పక్క కుర్చీ మీద సంచి పెట్టుకునే కూర్చుంటుంది. ఎవరైనా తియ్యమంటే, మనిషొస్తడు అంటుంది.

స్టేడియం అరుపు నిజం, కుర్చీ నిజం, నేను కల్పించింది ఆ ఒక్క ‘కాదు’నే, పక్షవాతం కొట్టిన నాటి నుంచి రాజయ్య నోట ‘ఔ’ తప్ప ఇంకో మాట రాలేదు, ఆమె అడిగిన ఆ ప్రశ్నకూ అదే వచ్చింది.