పసుపు పట్టీ సిలిండర్

తన భార్యను చంపింది నిప్పు కాదు, నిప్పార్పే సిలిండరని చెప్పి పనిచేయనిది అమ్మినవాడు. మేస్త్రి ఇరవై ఏళ్లుగా ఈ మాటే చెబుతున్నాడు. వీధిలో కాదన్నవాళ్లు లేరు. అమ్మినవాడు ఎప్పుడో ఊరు విడిచిపోయాడు.

అందుకే ఈ పూట కూతురి కుట్టుషాపుకి సిలిండర్లు తెచ్చినవాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టేశాడు.

"నువ్వూ అంటగట్టి పోయే రకమేనా?"

"లోపలికి రానివ్వండి మేస్త్రిగారూ. తిట్లేవో కూర్చుని తింటాను."

కూతురు నవ్వి దారి ఇచ్చింది. ఇంటి ముందుగదే షాపు. సిలిండర్లవాడు గుడ్డల తానులు చూసి ఒక సిలిండర్ దించాడు.

"గుడ్డకీ, కర్రకీ నీళ్లది చాలు. మిషన్ల మోటార్లకీ, స్విచ్‌బోర్డుకీ మాత్రం ఇదిగో, ఈ నల్లపట్టీది. ఇందులో మంటనార్పే గ్యాసు ఉంటుంది. కరెంటు మీద నీళ్లు కొడితే మనకే షాకు."

మేస్త్రికి కాలు ఒకచోట నిలవడం లేదు. "అయిందా? ఇక బయల్దేరు."

"వంటిల్లు చూడలేదే!"

"అక్కడ అంటుకునేదేమీ లేదు. అన్నీ ఉడకబెట్టుకునే తింటాం."

నిజమే. భార్య పోయాక ఆ ఇంట్లో మూకుడు పొయ్యెక్కలేదు. కూతుర్ని పొయ్యి దగ్గరికి రానిచ్చిందీ లేదు. దుఃఖం అన్నారు కొందరు, పిసినారితనం అన్నారు ఇంకొందరు.

"నిన్న మూకుడు కొన్నాను నాన్నా," అంది కూతురు. "రేపట్నుంచి పనివాళ్లిద్దరు వస్తున్నారు. వాళ్లకీ ఉడికిన దుంపలే పెడితే మూడోనాడు పారిపోతారు."

మేస్త్రి వంటింటి గుమ్మానికి అడ్డం వెళ్లబోయాడు.

సిలిండర్లవాడు అప్పటికే వంటింట్లో ఉన్నాడు. "అయితే అసలు సంగతి వినాలమ్మా. నూనె అంటుకుందనుకో, పొరపాటున కూడా..."

"అమ్మాయ్! వీధిలో ఎవరిదో బండి అడ్డంగా ఉంది. తీయించు, పో."

"ఉంటే ఉంది. అతను చెప్పేది విననీ నాన్నా."

"పొమ్మన్నానా!"

ఆమె గొణుక్కుంటూ వెళ్లింది.

"ఏంటండీ ఆ కేక?" అన్నాడు సిలిండర్లవాడు. "మండే నూనెలో చెంబెడు నీళ్లు పడితే చాలు, మంట కప్పుదాకా లేస్తుంది. పొయ్యి దగ్గరున్న మనిషి మిగలదు. చెప్పకపోతే ఆ అమ్మాయికెలా తెలుస్తుంది?"

"నూనెకి ఏది?"

"పసుపు పట్టీది. కానీ..."

"తగిలించు. తలుపు పక్కన, పొయ్యికి దూరంగా. మూకుడుకి మూత నేను తెస్తా. వండేదీ నేనే."

సిలిండర్లవాడు తలుపు పక్కన మేకుకున్న పాత సిలిండర్‌ని దించి, దుమ్ము తుడిచాడు. పిన్ను దగ్గర వేలు పెట్టి చూశాడు.

"పనిచేయనిది ఇదేనా? దీని పిన్నుకి సీలే ఊడలేదు మేస్త్రిగారూ. ఆ రోజు దీన్నెవరూ ముట్టుకోలేదు."

మేస్త్రి దాన్ని లాక్కుని గోనెసంచిలో కుక్కాడు. "తీసుకుపో. ఇంకో మాట మాట్లాడితే నువ్వూ ఈ సంచీ కలిసే వీధిలో పడతారు."

అతను కొత్తది తగిలించి, సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

కూతురు తిరిగొచ్చింది. "బండీ లేదు, గిండీ లేదు. నూనె సంగతేదో అన్నాడు, ఏంటది?"

"దానికి పసుపు పట్టీది. అంతే."

ఆమె మేకు వైపు చూస్తూ నిలబడింది. "నాకు పొగ గుర్తుంది నాన్నా. నా గౌను ముందంతా తడిసి ఉండటం గుర్తుంది. ఆర్పేవాళ్ల నీళ్లు నా మీద పడి ఉంటాయి. ఇంకేమీ గుర్తులేదు. అసలు ఆ రోజు ఏమైంది?"

"సిలిండర్ పనిచేయలేదు. అమ్మినవాడు చంపాడు. ఇక చచ్చేదాకా ఈ మాట నా నోట రాదు. నువ్వూ అడగొద్దు."

ఆ రోజు నీళ్ల చెంబు ఉన్నది ఐదేళ్ల పిల్ల చేతిలో.